మిషను పక్కన నిలబడ్డ మనిషి



శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకి చాలా ఏళ్లు జువాలజీ చెప్పాను. రెండో ఏడు పాఠాల్లో విసర్జక వ్యవస్థ వచ్చేది. మూత్రపిండం బొమ్మ, నెఫ్రాన్ బొమ్మ, భాగాల పేర్లు. పరీక్షలో ఎనిమిది మార్కులకి అడిగేవారు. మామూలుగా పిల్లలు బట్టీ పట్టి రాసేసే పాఠమే. మా దగ్గర మాత్రం ఆ పాఠం మొదలుపెట్టగానే తరగతిలో చప్పుడు ఆగిపోయేది. ఎందుకంటే ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరింట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటాడు. నాన్నో, పెదనాన్నో, అమ్మమ్మో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఒకప్పుడు ఈ పేర్లు చెబితే కొబ్బరీ జీడిమామిడీ గుర్తొచ్చేవి. ఇప్పుడు ఈ జబ్బు గుర్తొస్తోంది. ఎందుకొస్తోందో ఇన్ని పరిశోధనలు జరిగినా తేలలేదు. బడి గుమ్మం తొక్కని ముసలమ్మ కూడా మా ఊళ్లల్లో కిడ్నీ పరీక్షలో ‘క్రియాటినిన్ ఎంతొచ్చింది?’ అని అడుగుతుంది, జ్వరం తగ్గిందా అని అడిగినంత మామూలుగా.

ఒక ఏడాది ఆ పాఠం అయ్యాక పిల్లలకి తలా ఒక చీటీ ఇచ్చి, ఏం కావాలనుకుంటున్నారో రాయమన్నాను. ఒకరిద్దరు తప్ప అందరూ డాక్టరనే రాశారు. అందులో తప్పు లేదు. కానీ వాళ్లలో ఒక కుర్రాడు నాకు బాగా తెలుసు. వాళ్ల నాన్నకి రెండేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది. వారానికి రెండు సార్లు ఈ అబ్బాయే తోడు వెళ్లేవాడు, అందుకే కాలేజీకి తరచూ రాలేకపోయేవాడు. గంట కొట్టాక వాణ్ని ఆపి అడిగాను.

“మీ నాన్నకి సూదులు పెట్టేది ఎవర్రా?”

“టెక్నీషియనన్న, మాస్టారూ.”

“డాక్టరుగారు కాదా?”

“ఆయన రౌండ్సుకొచ్చి చూసెళ్తారు. నాలుగ్గంటలూ మా దగ్గరుండేది అన్నే.”

“ఆ అన్న ఏం చదివాడు?”

వాడు నా ముఖం చూసి ఊరుకున్నాడు. తెలీదు. రెండేళ్లు ఆ మంచం పక్కనే కూర్చున్నాడు. ఆ మనిషి పేరు తెలుసు, ఊరు తెలుసు, టీలో చక్కెర వేసుకోడని కూడా తెలుసు. ఏం చదివితే ఆ పని చేయొచ్చో తెలీదు. అడగాలని తోచలేదు. వాణ్ని అనడానికేముంది, బైపీసీ పాఠాలు చెప్పే నాకూ తెలీదు.

ఆ వారమే నేనూ ఆ అబ్బాయితో డయాలసిస్ సెంటరుకి వెళ్లాను. ఆ రోజు చూసింది కొంచెం వివరంగా చెబుతాను.

రోగి రాగానే టెక్నీషియన్ మొదట బరువు చూస్తాడు. పోయినసారి వెళ్లేటప్పుడు ఎంత, ఇప్పుడెంత. మధ్యలో పెరిగింది చాలామటుకు ఒంట్లో చేరిన నీరే. ఇవాళ ఎంత నీరు తీయాలన్న లెక్క అక్కడ మొదలవుతుంది. తర్వాత బీపీ. తర్వాత చెయ్యి పట్టుకుంటాడు. డయాలసిస్ వాళ్లకి మామూలుగా చేతిలో ధమనినీ సిరనీ కలిపి ఒక ఆపరేషన్ చేస్తారు, ఫిస్టులా అంటారు. దాని మీద వేళ్లు ఆనిస్తే లోపల పిల్లి గురగురలాడినట్టు ఒక కంపనం తగులుతుంది. అది తగిలితే రక్తం సరిగ్గా పారుతున్నట్టు. తగలకపోతే వెంటనే డాక్టరుకి కబురు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చేతి నుంచి పరీక్షకి రక్తం తీయకూడదు. ఇవన్నీ చూసుకున్నాకే సూదులు. ఒక దానిలోంచి రక్తం బయటికి వెళ్తుంది, రెండో దానిలోంచి శుభ్రమై లోపలికొస్తుంది. గొట్టాల్లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు.

ఇక నీళ్లు. ఒక్క మనిషికి ఒక్కసారి డయాలసిస్ చెయ్యడానికి దాదాపు 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి. ఆ నీళ్లకీ రోగి రక్తానికీ మధ్య పల్చటి పొర తప్ప మరేం లేదు. అందులో క్లోరిన్ మిగిలిపోయినా రక్తకణాలు చితికిపోతాయి. కాబట్టి పక్క గదిలో ఉన్న నీటిశుద్ధి యంత్రాన్ని పొద్దున్నే పరీక్షించడం కూడా ఈ టెక్నీషియన్ పనే. మిషను ఆడుతున్నంతసేపూ బీపీ పడిపోవచ్చు, పిక్కలు పట్టెయ్యొచ్చు. రోగి ముఖం పాలిపోవడం మిషను అలారం కంటే ముందే కనిపెడతాడు మంచి టెక్నీషియన్. ఆ రోజు నేను చూస్తుండగానే ఒక పెద్దావిడ ‘బాబూ’ అనేలోపే మంచం తలవైపు దించాడు. మరో నిమిషం ఆగితే ఏమయ్యేదో నాకు తెలుసు, ఎందుకంటే జువాలజీ చెప్పేవాణ్ని. ఆ నిమిషాన్ని ఆదుకునే చదువు ఒకటుందని మాత్రం నా విద్యార్థులకి ఎన్నడూ చెప్పలేదు.

ఇవాళ ఈ మైకు ముందు నేను చెప్పదలచుకున్నది ఇదే. పిల్లలకి వైద్యరంగం గురించి పేపర్లలో జాబితాలు చూపిస్తాం, కరపత్రాలు ఇస్తాం, ర్యాంకుల లెక్కలు చెబుతాం. పని చేస్తున్న మనిషి పక్కన మాత్రం ఒక పూట నిలబెట్టం.

నీట్ మాట ఎత్తకుండా ఈ సంగతి మాట్లాడలేం. 2024లో ఆ పరీక్షకి పేరిచ్చినవాళ్లు 24 లక్షలకి పైనే. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు ఆ ఏడాది లక్షకి కొంచెం పైన. అందులో ఇంటి ఆస్తి తాకట్టు పెట్టకుండా చదవగలిగే సీట్లు ఇంకా తక్కువ. అంటే ఆ రోజు పరీక్ష రాసిన పిల్లల్లో అత్యధికులు డాక్టర్లు కారని ముందే తెలిసిన లెక్క ఇది. అయినా ఫలితాలొచ్చాక ఇళ్లల్లో వినిపించే మాట చూడండి. ‘సీటు రాలేదు, పోనీ నర్సింగ్‌లో పడేశాం.’ పడేశాం! నర్సింగ్‌లో పడెయ్యడమేమిటి? రాత్రి రెండు గంటలకి మీ అమ్మకి ఆయాసం వస్తే మొదట లేచి వచ్చేది ఆ పడేసిన పిల్లే. ఓడిపోయి వచ్చానన్న బాధతో చేరిన చదువు మొదటి ఏడాదంతా ఆ పిల్లని తొలిచేస్తుంది. అది కళ్లారా చూశాను. అదే పని ముందుగా చూసి, నచ్చి, ఇది నాక్కావాలి అని చేరిన పిల్ల నడకే వేరు.

సరే, ఆ డయాలసిస్ సెంటరు చూసినప్పటి నుంచీ నెలకోసారి పిల్లల్ని ఎనిమిదేసి మందిని దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లడం మొదలుపెట్టాను. మొదటిసారి ల్యాబులోకి వెళ్లినప్పుడు వాళ్లని కట్టిపడేసింది రక్తం తీసే గొట్టాల మూతల రంగులు. ఊదా, ఎరుపు, బూడిద, లేత నీలం. అందం కోసం అనుకున్నారు. ల్యాబ్ టెక్నీషియనమ్మ ఓపిగ్గా చెప్పింది. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఒక మందు ఉంటుంది, కణాలు లెక్కపెట్టడానికి. ఎర్ర మూతది గడ్డకట్టనిస్తాం, పైన తేరిన సీరం కోసం. మీరు చెప్పుకునే క్రియాటినిన్ అందులోదే. లేత నీలం, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూడటానికి. బూడిద రంగు షుగరు పరీక్షకి. ఎందుకంటే, అంటూ ఆమె పిల్లల వైపు తిరిగి అడిగింది: “ఒంట్లోంచి బయటికొచ్చాక రక్తం చచ్చిపోతుందా?”

ఎవరూ పలకలేదు.

“చావదు. కణాలు గొట్టంలో కూడా గ్లూకోజు తింటూనే ఉంటాయి. గంటకి అయిదు నుంచి ఏడు శాతం దాకా తినేస్తాయి. బూడిద మూత గొట్టంలో ఉన్న ఫ్లోరైడ్ ఆ తినడాన్ని ఆపుతుంది. మామూలు గొట్టంలో తీసి ఎండలో మూడు గంటలు బండి మీద తెస్తే షుగరున్న మనిషికి షుగరు లేదని రిపోర్టు ఇచ్చే ప్రమాదం ఉంది.”

కణాలు గ్లూకోజు తినే ఈ గ్లైకాలసిస్ గురించి నేను అన్నేళ్లు తరగతిలో చెప్పాను. అది ఒక మనిషి ప్రాణానికి ఎక్కడ తగులుతుందో పిల్లలకి ఆమె రెండు నిమిషాల్లో చూపించింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక అమ్మాయి, ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల, అడిగిన ప్రశ్న ఇప్పటికీ మర్చిపోలేదు. “మాస్టారూ, సూది గట్టిగా లాగితే కణాలు పగిలి పొటాషియం ఎక్కువ చూపిస్తుందని ఆమె అన్నారు కదా, మరి అలా తప్పు రిపోర్టు వస్తే డాక్టరుగారికి ఎలా తెలుస్తుంది?” ఆ ప్రశ్న అడిగిన పిల్ల ల్యాబుకి తగిన పిల్ల అని చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

చూడవలసిన పనులు ఇంకా ఎన్నో ఉన్నాయి. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఒకటి, డాక్టర్లూ నర్సులూ ఫార్మసిస్టులూ కాక వైద్యరంగంలో ఉన్న ఇతర వృత్తుల్ని యాభైకి పైగా గుర్తించి వాటికి ఒక జాతీయ కమిషన్ పెట్టింది. యాభై! మన పిల్లలకి అయిదు పేర్లు కూడా తెలియవు. పుట్టుచెవుడున్న పసివాడికి ఆపరేషన్ చేసి కాక్లియర్ ఇంప్లాంట్ పెడతారని విన్నాం. ఆరోగ్యశ్రీ వచ్చాక పేద పిల్లలకీ అందింది. అయితే పరికరం పెట్టగానే బిడ్డ మాట్లాడడు. శబ్దం అంటే ఏమిటో, అది అమ్మ గొంతో కుక్క అరుపో తెలుసుకోవడానికి నెలలూ ఏళ్లూ పడుతుంది. పక్కన కూర్చుని ఒక్కో మాటా నేర్పే స్పీచ్ థెరపిస్టు లేకపోతే అంత ఖరీదైన ఆపరేషనూ వృథా. ఆ చదువు సికింద్రాబాదులో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఉంది. బైపీసీ చదివిన ఎంతమందికి ఆ పేరు చెప్పి ఉంటాం?

కంటి వైద్యం చూడండి. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థను నడిపిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు, పల్లెల్లో కంటి డాక్టరు దొరకడని చేతులు ముడుచుకోలేదు. సుమారు యాభై వేల జనాభాకి ఒక విజన్ సెంటరు పెట్టి, అందులో ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకే ఏడాది పాటు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా కూర్చోబెట్టారు. కళ్లద్దాలు కావలసినవాళ్లకి అక్కడే ఇస్తారు, శుక్లాలో మరొకటో ఉంటే పై ఆసుపత్రికి పంపుతారు. ఇంటర్ అయిన పిల్ల తన మండలంలోనే ఉండి వందల మందికి చూపు సరిచెయ్యగలదని అది రుజువు చేసింది.

108 అంబులెన్సు సంగతి చెప్పనక్కర్లేదు, 2005 ఆగస్టు 15న మన దగ్గరే పుట్టింది. బండి నడిపేవాణ్ని పైలట్ అంటారు, వెనక రోగి దగ్గర ఉండేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. కుదుపుల్లో సెలైన్ ఎక్కించడం, దారిలోనే కాన్పు చెయ్యడం... ఆ బండి ఆగి ఉన్నప్పుడు వెళ్లి మాట్లాడితే వాళ్లు పిల్లలకి సంతోషంగా లోపల చూపిస్తారు. ఫిజియోథెరపీ, ఎక్స్‌రే, అనస్థీషియా టెక్నీషియన్, ఫార్మసీ... అన్నిటి గురించీ ఇప్పుడు చెప్పలేను.

చదువుల కాలం గురించి మాత్రం నాలుగు ముక్కలు. పది పాసైన పిల్లలకి ఇంటర్ ఒకేషనల్‌లోనే ఎంఎల్‌టీ, ఎంపీహెచ్‌డబ్ల్యూ అనే ల్యాబ్ టెక్నీషియన్, ఆరోగ్య కార్యకర్త కోర్సులు రెండేళ్లవి ఉన్నాయి. ఆ పైన బ్రిడ్జి కోర్సు రాస్తే డిగ్రీ చదువులకీ దారి ఉంటుంది. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్-డీ ఆరేళ్లు. ప్రవేశాల నిబంధనలు ఏటా మారుతున్నాయి కాబట్టి పోయినేడు పక్కింటివాళ్లు చేరిన పద్ధతే ఉంటుందనుకోకండి, ఆ ఏటి నోటిఫికేషన్ చదవండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక అమ్మాయిని, తండ్రి లేని పిల్లని, దగ్గర పట్నంలో ఒక పారామెడికల్ సంస్థలో చేరమని నేనే అన్నాను. బోర్డు పెద్దది, భవనం కొత్తది, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చన్నారు. అంతకు మించి నేను చూడలేదు. రెండేళ్లయ్యాక ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఉద్యోగానికి వెళ్తే రిజిస్ట్రేషన్ ఏదన్నారు. ఆ కోర్సుకి పారామెడికల్ బోర్డు గుర్తింపే లేదు. వాళ్లమ్మ జీడిపప్పు కర్మాగారంలో గింజలు ఒలిచి కట్టిన డబ్బది. ఆవిడ నన్నొక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ నొప్పి. ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి వేరే చోట చదువుకుంది, రెండేళ్లు పోయాయి. అందుకని చేతులెత్తి అడుగుతున్నాను. నర్సింగ్ అయితే నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీ అయితే ఫార్మసీ కౌన్సిల్, టెక్నీషియన్ కోర్సులయితే మీ రాష్ట్రంలో వాటికి గుర్తింపునిచ్చే బోర్డో కౌన్సిలో, లేదా ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఆ విశ్వవిద్యాలయం ఏపీలో విజయవాడలో ఎన్టీఆర్ పేరు మీద ఉంది, తెలంగాణలో వరంగల్లులో కాళోజీ పేరు మీద ఉంది. ఈ సంస్థల గుర్తింపు జాబితాలో ఆ కాలేజీ పేరూ, ఆ కోర్సు పేరూ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. కాలేజీకి గుర్తింపు ఉండి కోర్సుకి లేకపోవడం కూడా జరుగుతుంది. మరో ప్రశ్న తప్పక అడగండి: పిల్లలు ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులు రోగుల దగ్గర పని నేర్చుకుంటారు? ఆ ప్రశ్నకి నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్యండి.

డబ్బు సంగతి దాచకూడదు. చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి రెండు మూడేళ్లు జీతాలు తక్కువ, చాలా తక్కువ. ప్రభుత్వంలోనూ చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగే. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో అయినా నర్సు జీతం నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదంది. ఆ సిఫారసు చాలా చోట్ల కాగితం దాటి రాలేదు. ఇది అన్యాయం, సరిచెయ్యాల్సింది ప్రభుత్వాలూ యాజమాన్యాలూ. పిల్లలకి ముందే తెలిస్తే ఆ మొదటి ఏళ్లని ఎలా దాటాలో ఆలోచించుకుంటారు. దాటినవాళ్లు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకి జర్మన్ భాష నేర్పించి అక్కడి ఆసుపత్రులకి పంపుతోంది. వెళ్లదలచినవాళ్లు ఏజెంట్ల చేతుల్లో పడకుండా అలాంటి దారులు వెతుక్కోవాలి.

మగపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. నర్సింగ్ ఆడవాళ్ల పని అనే ఊహ మీ ఇంట్లోనే ఉంది, ఆసుపత్రిలో లేదు. తొంభై కిలోల మనిషిని మంచం మీద పక్కకి తిప్పాల్సి వచ్చినప్పుడు అక్కడ అందరూ మగనర్సు కోసమే చూస్తారు.

రక్తం చూసి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లలూ ఉన్నారు మా బృందంలో. మొదటిసారి పడిపోవడం ఏ నిర్ణయానికీ ఆధారం కాదు. చాలామందికి రెండు మూడు సార్లకి పోతుంది. పోనివాళ్లకి కూడా రోగి రక్తం చూడనక్కర్లేని పనులున్నాయి, మెడికల్ రికార్డులు, మందుల నాణ్యత పరీక్షలు, ఆసుపత్రి నిర్వహణ. ఇది నాకు కాదు అని తెలుసుకోవడం కూడా ఇలా ఆసుపత్రికి వెళ్లడంలో లాభమే. మొదట చెప్పిన కుర్రాడున్నాడు చూడండి, వాడు డయాలసిస్ టెక్నీషియన్ అవుతాడనే నేను మనసులో అనుకున్నాను. ఇంటర్ అయ్యేలోగా వాళ్ల నాన్న పోయారు. “ఆ గదిలోకి మళ్లీ వెళ్లలేను మాస్టారూ” అన్నాడు. నేను బలవంతం చెయ్యలేదు. ఆసుపత్రికి వెళ్లిన నాలుగుసార్లూ వాడు ఫిజియోథెరపీ గది దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాడని తర్వాత గుర్తొచ్చింది. పక్షవాతం వచ్చిన ఒకాయన కడ్డీలు పట్టుకుని అడుగులేస్తుంటే చూస్తూ. అదే చదివాడు. అక్కడికొచ్చినవాళ్లు మెరుగై ఇంటికి వెళ్తారు, నాకది కావాలి అన్నాడు.

ఆసుపత్రుల్లో పనిచేస్తున్నవాళ్లు ఎవరైనా వింటుంటే, సిస్టర్లూ, టెక్నీషియన్లూ, ఫార్మసిస్టులూ, మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా ఏడాదికి ఒక్క పూట, ఎనిమిది మంది పిల్లల్ని మీ పక్కన నిలబడనివ్వండి. మీ పనిలో కష్టమైంది కూడా దాచకుండా చెప్పండి.

లెక్చరర్లకీ, పిల్లల తల్లిదండ్రులకీ: అనుమతి ఎలా అడగాలని చాలామంది నన్నడుగుతుంటారు. నేను ప్రతిసారీ రాసిన ఉత్తరమే చదువుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి.

‘సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు. మా కాలేజీ బైపీసీ విద్యార్థులు ఎనిమిది మంది, ఒక అధ్యాపకుడు, వచ్చే శనివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు మీ ఆసుపత్రిలో ల్యాబు, ఫార్మసీ, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ, డయాలసిస్ విభాగాల్లో సిబ్బంది పని చూడటానికి అనుమతి కోరుతున్నాం. పిల్లల ఫోన్లు నా సంచీలో ఉంటాయి. ఫొటోలు తీయరు. రోగి ఒప్పుకుంటేనే దగ్గరికి వెళ్తారు, జబ్బు గురించి అడగరు, విన్నది బయట చెప్పరు. సిబ్బంది పనిలో ఉంటే వరండాలో కూర్చుంటారు. తల్లిదండ్రుల సంతకాలు జతచేశాం. ఇట్లు, మీ విధేయుడు.’

కింద ఫోన్ నంబరు రాయడం మర్చిపోకండి. నేను మొదటిసారి మర్చిపోయాను, జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది.